కొత్త గిట్ట దిగేదాకా

లాడం ఊడిపోయిందని ఫోను చేసేవాళ్ళను నేను ముందు ఒకటే అడుగుతాను: ఊడిన లాడానికి గిట్ట ముక్క అంటుకుని వచ్చిందా? రాలేదంటే కంగారు లేదు. మేకులు అరిగి వదులై ఉంటాయి, వెళ్ళి కొత్తవి కొడితే సరిపోతుంది. వచ్చిందంటే మాత్రం ఆ పూట ఇంకో పని ఒప్పుకోను. లాడం పోతూ పోతూ గోడను పెరుక్కుపోయిందంటే, మేకును పట్టి ఉంచే సత్తువ ఆ గిట్టలో లేదని అర్థం. అక్కడ సుత్తితో చేయగలిగేది కొంచెమే. మిగతాదంతా గుర్రం తినే దాణాలో, నిలబడే నేలలో, చూసుకునేవాళ్ళ ఓపికలో ఉంటుంది.

నా పని హైదరాబాద్‌లో. మలక్‌పేట చుట్టుపక్కల కొన్ని లాయాలు, ఊరి చివర రైడింగ్ స్కూళ్ళు, పాతబస్తీలో బరాత్ గుర్రాలు. మా నాయన నల్లగొండ జిల్లాలో కమ్మరి. నాగలి కర్రులు కాల్చి సాగగొట్టడం, కొడవళ్ళకు కక్కు పెట్టడం, వాటితో పాటు ఎద్దులకు లాడాలు కొట్టడం ఆయన పని. ఎద్దును తాళ్ళతో పడగొట్టి, నాలుగు కాళ్ళూ కలిపి కట్టి, చీలిన గిట్టలో ఒక్కో సగానికి ఒక్కో రేకు వేసేవాడు. ట్రాక్టర్లు వచ్చాక ఆ పని తగ్గిపోయింది. నేను పట్నం వచ్చి మలక్‌పేటలో ఒక పెద్దాయన దగ్గర చేరాను. గుర్రాలకు లాడాలు కొట్టే నాల్‌బంద్‌ల ఇంట పుట్టినవాడు. అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. గుర్రాన్ని పడగొట్టరు. నిలబెట్టే ఉంచి, ముందుకాలైతే మన మోకాళ్ళ మధ్య, వెనకకాలైతే మన తొడ మీద పెట్టుకుని కొట్టాలి. అది అలవాటయ్యే దాకా ఉస్తాద్ నా చేతికి సుత్తి ఇవ్వలేదు. కాళ్ళు ఎత్తడం, శుభ్రం చేయడం, చూడడం, అంతే.

ఆయన చూపించిందంతా కాలు తిప్పి పట్టుకున్నప్పుడు కనిపించేదే. గుర్రం ఒక్కో కాలికి ఒక్కో వేలి మీద నడుస్తుంది. ఆ వేలి చివరి ఎముకను చుట్టుకున్న గోరే గిట్ట. బయట గోడ, లోపల అరికాలు, ఆ రెండింటినీ కలుపుతూ సన్నటి తెల్లగీత, మధ్యలో ముక్కోణంగా మెత్తటి పుత్లీ. గోడలో నరాలూ రక్తమూ ఉండవు కాబట్టే మేకు కొట్టగలుగుతున్నాం. తెల్లగీత దాటి లోపలికి పోయిందా, అక్కడ ప్రాణం ఉంది. 450, 500 కిలోల జంతువు, ఆ బరువులో సుమారు 60 శాతం ముందుకాళ్ళ మీదే. ఇంత బరువుకూ ఆధారమైన గోడ ముందువైపు ఒక సెంటీమీటరు మందం ఉంటుందేమో, మడమల వైపు అంత కూడా ఉండదు. మేకు తిరగాల్సింది ఆ మందంలోనే. తెల్లగీత అంచున లోపలికి దిగి, కొద్దిగా వంగి, నేల నుంచి రెండు సెంటీమీటర్ల ఎత్తున బయటికి రావాలి.

మార్వాడీ, కాఠియావాడీ గుర్రాలకు గిట్టలు సాధారణంగా గట్టివి. పొడి నేలల్లో, రాళ్ళ మీద తరతరాలుగా తిరిగిన జాతులు అవి. థరోబ్రెడ్ సంగతి వేరు. వేగం కోసం పెంచుకున్న జాతి. గోడ పలచన, అరికాలు చదును, ముందంచు పొడుగ్గా సాగుతుంది, మడమలు కిందికి కుంగుతాయి. దానికి తోడు హైదరాబాద్ పందాల్లో ఒక భాగం వానాకాలంలోనే. 1886లో, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో మౌలాలి నుంచి మలక్‌పేటకు వచ్చిన ఈ పందాల మైదానంలో జూలై నుంచి అక్టోబరు దాకా గుర్రాలు పరిగెడుతూనే ఉంటాయి. పందానికి తేలికైన అల్యూమినియం లాడాలు వేస్తారు. లాడం మార్చినప్పుడల్లా పలచటి గోడలో ఇంకొన్ని రంధ్రాలు. పందాల వయసు దాటి బయటికొచ్చే గుర్రం కాలు ఎత్తి చూస్తే, అది అంతకుముందు ఏడాది ఎలా గడిపిందో అడగకుండానే తెలుస్తుంది.

అలాంటి గుర్రమే ఒకటి, ఎర్రటిది, శంషాబాద్ వైపు ఒక రైడింగ్ స్కూలుకు చేరింది. అక్కడ సవారీ నేర్చుకుంటున్న ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు మనసుపడి కొనుక్కున్నాడు. నన్ను పిలిచేటప్పటికి రెండు ముందుకాళ్ళ లాడాలూ లేవు. గోడ కింది అంచు పెళ్ళలు పెళ్ళలుగా లేచిపోయింది. పాత రంధ్రాలు ఒకదాని పక్కన ఒకటి కలిసిపోయి పొడవాటి చీలికలయ్యాయి. పాత మట్టిగోడలో మేకు దించబోతే పెళ్ళ ఊడి చేతిలోకి వచ్చినట్టు, ఎక్కడ ఆకురాయి పెట్టినా పొడిగా రాలిపోతోంది. తెల్లగీత రెండు మూడు మిల్లీమీటర్లు ఉండాల్సినచోట వేలు పట్టేంత వెడల్పయింది, దాని నిండా నల్లటి మురికి. నేను నొప్పి చూసే పటకారుతో అరికాలిని మెల్లగా నొక్కితే గుర్రం కాలు లాక్కుంది. కంకర మీద నాలుగడుగులు వేయించినా ప్రతి అడుగూ తడుముకుంటూ వేస్తోంది.

“అన్నా, ఎన్ని రోజుల్లో బాగవుతుంది?” అన్నాడా కుర్రాడు.

“ఏడాది పడుతుంది బాబూ.”

ఆ మాట ఎవరికీ రుచించదని తెలుసు. కానీ దానికి అడ్డదారి లేదు. గోడ పుట్టేది పైన, వెంట్రుకలు ఆగి గిట్ట మొదలయ్యే అంచులో. అక్కడి నుంచి నెలకు ఆరు నుంచి పది మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. ముందువైపు గోడ ఎనిమిది సెంటీమీటర్ల పైన ఉంటుంది కాబట్టి పైన ఇవాళ పుట్టిన గోడ నేలను తాకడానికి తొమ్మిది నుంచి పన్నెండు నెలలు. మడమల దగ్గర పొట్టి కాబట్టి కొంచెం ముందే దిగుతుంది. చెడిపోయిన గోడ మళ్ళీ గట్టిపడదు. అందులో ప్రాణం లేదు, మందు ఎక్కదు. నేను చేసేదల్లా పాతది పూర్తిగా చితికిపోకుండా కాపాడుతూ, పై నుంచి మంచిది దిగేదాకా గుర్రాన్ని నడిపించడం. ఇది ముందే చెప్పకపోతే మూడో నెలలో యజమాని విసుగెత్తి ఇంకో నాల్‌బంద్‌ను తెస్తాడు, అతను కొత్త రంధ్రాలు పొడుస్తాడు, లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.

మొదటి రోజు లాడం వేయలేదు. స్కూల్లో గుర్రాలను చూసుకునే సైసు నా పక్కనే కూర్చుని ఉన్నాడు. నాకంటే పెద్దవాడు, గుర్రాల మధ్యే తల నెరిసినవాడు. “ఉస్తాద్, పైకి ఇంకో రెండు మేకులు కొడితే ఆగదా?” అన్నాడు. పైకి కొడితే ప్రాణం ఉన్నచోట దిగుతుంది, పక్కన కొడితే మిగిలిన మంచి గోడ కూడా చీలుతుందని చూపించాను. అన్ని వైపులా బయటికి విచ్చుకున్న అంచును కింది నుంచి తగ్గించాను. పొడుగ్గా సాగిన ముందంచును వెనక్కి తెచ్చాను. అంచు పొడుగైన కొద్దీ అడుగు లేచే ప్రతిసారీ నేల ఆ గోడను తెల్లగీత నుంచి విడదీస్తూ ఉంటుంది. అది ఆగకపోతే పైన ఎంత మంచి గోడ పుట్టినా కిందికొచ్చేసరికి మళ్ళీ విడిపోతుంది. కొందరు చూపుకు నున్నగా ఉండాలని గోడ ముఖం మీద ఆకురాయి లాగేస్తారు. నేనది చేయను. పైపొర గిట్టలోని తడిని అదుపులో ఉంచుతుంది, అది పోతే వేసవిలో ఎండి పగులుతుంది, వానలో నీళ్ళు పీలుస్తుంది.

పశువుల డాక్టరమ్మ వచ్చి ఎక్స్‌రే తీసింది. గిట్ట లోపలి ఎముకకూ నేలకూ మధ్య అరికాలి మందం కనీసం 15 మిల్లీమీటర్లు ఉండాలి. దీనికి పదికి మించి లేదు. అంటే ముందుకాళ్ళకు లాడం లేకుండా ఉంచలేం, మేకులు పట్టే గోడా లేదు. జిగురుతో అంటించే లాడాలు ఉన్నాయి, చక్కటివి. కానీ దిగుమతి సరుకు, ఖర్చు ఎక్కువ. పైగా గిట్ట పూర్తిగా ఎండి ఉంటే తప్ప జిగురు పట్టదు. మేమున్నది జూన్ నెలాఖరు. చివరికి ముందుకాళ్ళకు తేలికపాటి ఇనప లాడం, దానికి రెండు పక్కలా గోడను పట్టుకునే చెవులు. మామూలుగా ఆరు నుంచి ఎనిమిది మేకులు కొట్టేచోట ఐదే, సన్నటివి, గోడ బాగున్న చోట్లు వెతికి వెతికి. కొలిమిలో కాల్చి ఆ చెవులు లాగేటప్పుడు మాత్రం మా నాయన చేతిపనే నాలో పని చేస్తుంది. వెనకకాళ్ళ మీద బరువు తక్కువ, అరికాలు కూడా కొంచెం మందం, వాటిని వట్టిగా వదిలేశాను.

గిట్ట బలహీనంగా ఉంది కాబట్టి తక్కువసార్లు ముట్టుకోవాలని చాలామంది అనుకుంటారు. ఏడెనిమిది వారాలు ఆపేస్తారు. అది తలకిందుల ఆలోచన. ఈ గిట్టలకే నాలుగు వారాలకోసారి చేతులు పడాలి. ఎక్కువ పెరగనిస్తే అంచు విచ్చుకుంటుంది, మేకులు వదులై రంధ్రాలు పెద్దవవుతాయి. తొందరగా వెళ్తే పాత రంధ్రాల్లో బాగున్నవాటినే మళ్ళీ వాడుకోవచ్చు.

ఇక దాణా. సైసును పక్కన కూర్చోబెట్టుకుని ఏమేం పెడుతున్నాడో చెప్పమన్నాను. నానబెట్టిన శనగలు, బార్లీ, రెండు పూటలా బకెట్ నిండా గోధుమ పొట్టు, నేపియర్ గడ్డి, బలానికని రోజూ నాలుగు పచ్చి కోడిగుడ్లు. ప్రేమతో పెట్టిన తిండే అదంతా. కానీ గోధుమ పొట్టులో కాల్షియం కంటే భాస్వరం దాదాపు పది రెట్లు ఎక్కువ. గుర్రానికి కావలసింది దానికి తలకిందులుగా, కాల్షియమే ఎక్కువ. నేపియర్ లాంటి గడ్డిలోని ఆక్సలేట్లు ఉన్న కాల్షియాన్ని కూడా కట్టి పడేస్తాయి. పొట్టులోని ఫైటేట్ జింకును అందనివ్వదు. పచ్చి గుడ్డు తెల్లసొనలో అవిడిన్ అనే పదార్థం ఉంటుంది, అది బయోటిన్‌ను పట్టుకుని ఒంటికి పట్టకుండా చేస్తుంది. గిట్ట గోడ కట్టుకోవడానికి కావలసిన కాల్షియం, జింకు, బయోటిన్ మూడింటినీ ఇలా చేతులారా ఆపుతున్నామన్నమాట. డాక్టరమ్మ పొట్టును పిడికెడుకు తగ్గించింది, గుడ్లు ఆపించింది, కాల్షియం బాగా ఉండే లూసర్న్ రోజూ పెట్టమంది. రోజుకు 20 మిల్లీగ్రాముల బయోటిన్, దాంతో జింకు, రాగి, మెథియోనిన్ కలిసిన పొడి రాసిచ్చింది.

ఆ 20 మిల్లీగ్రాముల లెక్క గాలిలోంచి వచ్చింది కాదు. లిపిజానర్ జాతి గుర్రాలకు రోజూ అంతే ఇచ్చి చూసిన పరిశోధన 1995లో అచ్చయింది. తేడా కనిపించింది తొమ్మిది నెలల తర్వాతే. కొత్త గోడ దిగే కాలమూ అదే. మందుల దుకాణంలో రెండు డబ్బాలు కొని నెల చూసి పారేసేవాళ్ళను చాలామందిని చూశాను, వాళ్ళ డబ్బు నిజంగా వృథా. ఇంకో ప్రమాదం, ఒకటి మంచిదైతే మూడు ఇంకా మంచిదనుకుని రకరకాల పొడులు కలిపేయడం. చాలావాటిలో సెలీనియం ఉంటుంది. అది హద్దు దాటితే గిట్టలే వలయంగా పగిలి ఊడతాయి, తోకా జూలూ రాలిపోతాయి. నేలలో సెలీనియం ఎక్కువగా ఉన్న పంజాబ్ గ్రామాల్లో పశువులకు ఈ బాధ వచ్చింది.

దాణా కంటే కష్టం నేల. దాణా మార్చమంటే మారుస్తారు, లాయం అలవాట్లు మారవు. ఆ లాయంలో నేల వాలు సరిగా లేక మూత్రం ఒక మూలన నిలిచేది, గుర్రం రాత్రంతా అందులోనే. గిట్ట నానిపోతుంది. సందుల్లో గాలి తగలని చోట క్రిములు చేరి పుత్లీ కుళ్ళుతుంది. ముక్కు దగ్గర పెట్టుకోకుండానే తెలిసే వాసన అది. పైగా రోజుకు రెండుసార్లు గుర్రాన్ని కడిగేవాళ్ళు. ఉదయం తడి, మధ్యాహ్నం ఎండ, సాయంత్రం మళ్ళీ తడి. ఒక్కటే తడి, ఒక్కటే పొడి కంటే ఈ మార్పే గోడను ఎక్కువగా చీలుస్తుంది. అది పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండి ముడుచుకుంటుంది, ఆ కదలికకు మేకులు వదులవుతాయి. నేను అడిగినవి పెద్దవేం కాదు. నీళ్ళు పోయేలా నేల సరిచేయడం, పొడి రంపపు పొట్టు పరవడం, రోజూ గిట్టల సందులు గీకి శుభ్రం చేయడం, కాళ్ళ కడుగుడు తగ్గించి పొడి గుడ్డతో తుడవడం, పుత్లీ సందుల్లో మైలుతుత్తం పలచగా కలిపి దూదితో అద్దడం. ఫార్మలిన్ పోస్తే వెంటనే గట్టిపడుతుందని చెప్పేవాళ్ళు ఉన్నారు. గట్టిపడుతుంది, పెళుసైపోతుంది కూడా. బలహీనమైన గిట్టకు నేను దాన్ని దగ్గరికి రానివ్వను. ఆముదం, వేపనూనె లాంటివి రాస్తే వేసవిలో పైపొర ఎండకుండా కొంత ఆపుతాయి, అంతకు మించి వాటి నుంచి ఆశించకూడదు.

ఇక్కడ బరాత్ గుర్రాల మాట చెప్పకుండా ఉండలేను. పెళ్ళిళ్ళ రోజుల్లో రాత్రి పొద్దుపోయేదాకా తారు రోడ్ల మీద, బ్యాండు చప్పుళ్ళలో నడుస్తాయి. గిట్టలకు నల్లరంగు వేసి మెరిపిస్తారు, రంగు కింద పగుళ్ళు కనపడవు. లాడం కాగితమంత పలచనయ్యేదాకా ఉంచుతారు. వాళ్ళను నిందించడానికి నాకు మనసొప్పదు. ఆ గుర్రమే ఆ ఇంటి కూడు, సీజన్ పోతే దాణాకే డబ్బులుండవు. వాళ్ళకు బయోటిన్ గురించి చెప్పి లాభం లేదు. పొట్టు తగ్గించమంటాను, నేల పొడిగా ఉంచమంటాను, రాత్రి ఇంటికి రాగానే సందులు గీకమంటాను. ఈ మూడింటికీ ఖర్చు లేదు. ఆ మూడూ చేసిన ఇళ్ళలో గుర్రాల కాళ్ళు చూస్తే తేడా నాకు తెలుస్తుంది.

ఎర్రగుర్రానికి ఆగస్టులో చీము పట్టింది. ముందురోజు బాగానే ఉన్న గుర్రం తెల్లవారేసరికి ఎడమ ముందుకాలు నేల మీద పెట్టలేదు. కుర్రాడు కాలే విరిగిందనుకుని ఏడుపు గొంతుతో ఫోను చేశాడు. గిట్ట వేడిగా ఉంది, మడమ పైన నాడి వేలికి కొట్టుకుంటోంది. విచ్చుకున్న తెల్లగీతలోంచి మురికి లోపలికి పాకి చీమైందన్నమాట. బలహీనమైన గిట్టలకు వానల్లో ఇది తరచూ వచ్చేదే. డాక్టరమ్మ వచ్చాక లాడం తీశాను, ఆమె చూపినచోట వంపు కత్తితో కొద్దిగా తెరిచాను, నల్లటి నీరు కారింది. తర్వాత ఎప్సమ్ సాల్ట్ కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో కాలు పెట్టించి, దూది కట్టి, దాని మీద చంటిపిల్లల డైపరు చుట్టి, బయట బలమైన టేపు వేశాం. డైపరు ఇందుకు ఎంత బాగా పనికొస్తుందో చేసినవాళ్ళకే తెలుసు. ఆ కట్టు మార్చే బాధ్యత సైసు తీసుకున్నాడు. నేను చెప్పినదాని కంటే శ్రద్ధగా చేశాడు. ఆ గుర్రం నిలబడిందంటే అందులో ఎక్కువ పాలు ఆయనదే.

దసరా దాటాక ఒకరోజు కాలు కడిగి తుడిచి చూస్తే పైన, వెంట్రుకల అంచు కింద ఒక గీత. గీతకు పైన గోడ నున్నగా, బిగువుగా, ఇంకో కోణంలో దిగుతోంది. కింద పాతది, గరుకుగా, బయటికి విచ్చుకుని. కుర్రాడికి చూపించాను. అతను స్కేలు తెచ్చి కొలిచి ఫోనులో రాసుకున్నాడు. ఆ తర్వాత ప్రతి రాకకూ నా కంటే ముందు అతనే కొలిచేవాడు. ఓపిక పట్టమని చెప్పాల్సిన అవసరం ఆ రోజుతో తీరిపోయింది.

మేకులు వేసేచోటికి కొత్త గోడ వచ్చేసరికి ఎండలు ముదిరాయి. పక్కల్లో ముందుగా వచ్చింది. మేకు దిగేటప్పుడు వచ్చే చప్పుడు ఉస్తాద్ నాకు నేర్పిన పాఠాల్లో పెద్దది. కుళ్ళిన గోడలో మేకు చప్పుడు లేకుండా జారిపోతుంది. లోపలి మెత్తటి చోటికి మళ్ళితే చప్పుడు మొద్దుబారుతుంది, వెంటనే లాగేయాలి. మంచి గోడలో మాత్రం దెబ్బదెబ్బకూ బిగిసి, చప్పుడు సన్నబడి పైకి లేస్తుంది. ఆ రోజు మూడో మేకుకు ఆ చప్పుడు వచ్చింది. సైసు కూడా విన్నాడు. “పట్టింది ఉస్తాద్” అన్నాడు.

ఇప్పుడు పాత గోడంతా కత్తిరింపుల్లో పోయింది. గుర్రం ఇసుక మీద దుల్కీ నడకలో హాయిగా తిరుగుతోంది. వెనక గిట్టలు వట్టివే, అంచులు గట్టిగా నిలబడ్డాయి. మొన్న కుర్రాడు రెండు అడిగాడు: గిట్ట బాగయింది కదా, పొడి ఆపేయొచ్చా? ముందుకాళ్ళకు కూడా లాడాలు తీసేయొచ్చా?

పొడి ఆపొద్దన్నాను. బయోటిన్ ఆపేసిన గుర్రాల్లో చాలావాటికి గిట్ట మళ్ళీ చెడిపోయిందని స్విట్జర్లాండ్ పశువైద్యులు చూశారు. దీని ఒంటి తత్వం మారలేదు, మనం అందిస్తున్నది అందుతోంది, అంతే. ఎంత తగ్గించవచ్చో డాక్టరమ్మను అడగమన్నాను. ముందుకాళ్ళ సంగతి నేనే చెప్పాను. కొత్త ఎక్స్‌రేలో అరికాలు కొంత మందం పెరిగింది, కానీ 15కు ఇంకా రాలేదు, ఈ గుర్రానికి ఎప్పటికీ రాకపోవచ్చు. దాని తల్లీ తండ్రీ ఇచ్చిన పాదం అది. కంకర తొక్కే కాళ్ళకు లాడం ఉండాల్సిందే. ఐదేసి మేకులు, నాలుగు వారాలకోసారి. వానలు మొదలయ్యేలోపు లాయంలో ఆ మూల వాలు ఇంకొంచెం సరిచేయించమని చెప్పి, సైసు కొలత పట్టుకుంటే నేల మీద సుద్దతో గీత గీసి చూపించాను.